బీరువా తాళం: ఒక నైతిక సమస్య

పాఠశాలకు గ్రంథాలయం అక్కరలేదనే మనిషి మనకెక్కడా ఎదురుపడడు. అందరూ ఒప్పుకున్న విషయాలకు పట్టే గతే ఈ విషయానికీ పట్టింది. ఒప్పుకున్న తర్వాత దాన్ని గురించి ఎవరూ ఆలోచించరు.

1952లో లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యాసంఘం మరుసటి సంవత్సరం నివేదిక ఇచ్చింది. మన పాఠశాలల్లో అధికభాగానికి గ్రంథాలయమనే పేరుకు తగినది లేనేలేదని అందులో చెప్పింది. వున్న పుస్తకాలు పాతబడినవనీ, పిల్లల అభిరుచులు చూడకుండా ఎంచినవనీ, వాటిని చూసుకునేది ఒక గుమాస్తానో, పుస్తకాల మీద ప్రేమలేని ఉపాధ్యాయుడో అనీ గమనించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలకూ గ్రంథాలయం వుండాలనీ, అందులో వార్తాపత్రికా, పత్రికలూ, అన్ని విషయాల మీదా పుస్తకాలూ, కథల పుస్తకాలతో సహా, వుండాలనీ శాసించింది. 2018లో మొదలైన సమగ్రశిక్షా పథకం పాఠశాల స్థాయినిబట్టి ఏటా 5,000 మొదలు 20,000 రూపాయలదాకా గ్రంథాలయ గ్రాంటు ఇవ్వవచ్చునన్నది.

అంటే నివేదిక వుంది. చట్టం వుంది. చాలీచాలని డబ్బూ వుంది. అయినా సామాన్యంగా మనకు కనిపించేదేమిటి? ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక ఇనుప బీరువా, బీరువాకు తాళం, తాళంచెవి ఒకరి జేబులో. దీనికి కారణం ఉపాధ్యాయుల బద్ధకమని కొందరూ, పిల్లల అనాసక్తి అని కొందరూ అంటారు. ఈ రెండు సమాధానాలూ నిందను కింది మెట్టు మీద వున్నవాళ్ల మీదికే నెట్టుతాయి. అందుచేత రెంటినీ అనుమానించాలి. నా దృష్టిలో ఆ తాళాన్ని వేసింది బద్ధకం కాదు, ఒక నీతి. పుస్తకాన్ని కాపాడటమే ధర్మం, వాడటం ఆ తర్వాతి మాట అనే నీతి. ఈ నీతి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరికి మేలు చేస్తుంది అన్నదే ఇక్కడ ప్రశ్న.

పుస్తకం స్టాకు రిజిస్టరులోకి ఎక్కగానే ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అది పోతే ఆ బాధ్యత తీసుకున్న ఉపాధ్యాయుడు జవాబు చెప్పుకోవాలి. పదేళ్లపాటు దాన్ని ఒక్కరూ చదవకపోతే జవాబు చెప్పుకోవలసినవాడు ఎవడూ లేడు. రిజిస్టరులో పోయిన పుస్తకానికి గడి వుంది, చదవని పుస్తకానికి గడి లేదు. ఇటువంటి ఏర్పాటులో జాగ్రత్తపరుడైన మనిషి ఏం చేస్తాడు? తాళం వేస్తాడు. ఆయన్ను తిట్టి లాభం లేదు. ఆయన భయం నిజమైన భయం. ఆయనకు భయం మాత్రమే నేర్పిన ఏర్పాటునే మనం విమర్శించాలి.

అయితే ఆ ఏర్పాటు చెప్పుకునే ఉద్దేశాన్ని అదైనా నెరవేరుస్తున్నదా? అదీ లేదు. పిల్లల చేతుల్లో పదిసార్లు తిరిగి అట్ట వూడిన పుస్తకం పది మనసుల్లోకి వెళ్లి అరిగింది. బీరువాలో చెదపట్టిన పుస్తకం ఎవరికీ చెందకుండా నశించింది. లెక్కల్లో మొదటిది నష్టం, రెండవది నిల్వ. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలు అయిదింటిలో మొట్టమొదటిది పుస్తకాలు వాడటానికేనన్నది. ఇంత తేలిక మాటను సూత్రంగా ప్రకటించవలసి రావటమే ఎదుటి నీతికి ఎంత బలముందో చెబుతుంది. లెనిన్ 1913లో న్యూయార్క్ ప్రజాగ్రంథాలయాన్ని గురించి రాస్తూ, గ్రంథాలయం గర్వించవలసింది తన దగ్గరున్న అరుదైన ప్రతులను చూసి కాదనీ, పుస్తకాలు ఎంతమంది ప్రజల మధ్య తిరిగాయో, ఎందరు పిల్లలు చదవటానికి వచ్చారో చూసుకుని గర్వించాలనీ వాదించాడు. పెట్టుబడిదారీ దేశంలోని మంచిని మంచిగా గుర్తించటానికి ఆయన వెనుకాడలేదు.

ఎమ్మిగనూరు పాఠకులకు దీన్ని వివరించటానికి అంతదూరం వెళ్లనక్కరలేదు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అక్కడ చేనేత సహకార సంఘం వెలిసింది. సంఘం నూలును నేతగాడికి ఇస్తుంది. ఆ నూలు గుడ్డగా తిరిగివస్తుంది. మగ్గమెక్కితే నూలు తెగుతుందని గోదాములో పెట్టి తాళం వేసే సహకార సంఘం ఎక్కడైనా వుంటుందా? కొంత తెగుతుంది. అది నేతలో భాగమని నేతగాడికీ తెలుసు, సంఘానికీ తెలుసు. చదువు విషయంలో మాత్రం ఒక్క పోగు తెగరాదని మనం ఎందుకు పట్టుబడుతున్నాం?

ఇక్కడ అసలు సంగతి బయటపడుతుంది. తాళం వెనక వున్నది పుస్తకం మీద ప్రేమకంటే పిల్లవాడి మీద అనుమానం ఎక్కువ. “వీళ్లకిస్తే చింపేస్తారు, పోగొడతారు.” వీళ్లంటే ఎవరు? ఇంట్లో పుస్తకం లేనివాళ్లు. ఇంట్లో పుస్తకాలున్న పిల్లవాడికి పాఠశాల బీరువా మూసివున్నా పెద్దగా పోయేదేమీ లేదు. ఆ బీరువా తప్ప దిక్కులేని పిల్లవాణ్ణే మనం దాని దగ్గరకు రానివ్వటం లేదు. లేమిని నేరానికి పూర్వసూచనగా చూడటం సంపన్న సమాజపు పాత అలవాటు. ఆ అలవాటు పాఠశాలలోకి వచ్చి క్రమశిక్షణ అనే పేరు పెట్టుకున్నది.

కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని చూడండి. 2011 జనాభా లెక్కల్లో జిల్లా అక్షరాస్యత 60 శాతానికి కాస్త దిగువన వుంది. పడమటి మండలాలు ఆ సగటుకూ వెనకే వున్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపట్ల వానలు మొహం చాటేసిన ఏడు వూళ్లకు వూళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు సీమకు పత్తి తీయటానికి, మిరపకాయలు కోయటానికి కుటుంబాలు కదులుతాయి. చూసుకునే ముసలివాళ్లు ఇంట లేకపోతే పిల్లలూ కదులుతారు. ఇప్పుడు గ్రంథాలయ నియమాన్ని తీసుకుందాం: పదిహేను రోజుల్లో పుస్తకం తిరిగి ఇవ్వాలి. ఈ నియమం అందరికీ సమానమే. కాని సుగ్గికి పోయే పిల్ల దాన్ని పాటించలేదు. కాబట్టి ఆ పిల్లకు పుస్తకం ఇవ్వరు. రూపంలో సమానమైన నియమం ఫలితంలో ఒకరినే వెలివేసింది.

ఆ పిల్ల మూటలో పుస్తకం పెట్టి పంపవచ్చునా? ఈ ప్రశ్న తేలికైనది కాదు. ఆ పుస్తకం తిరిగి రాకపోవచ్చు. అంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి వుంది. వున్నది ఒక్కటే ప్రతి అయితే, అది నాలుగు నెలలు మిరప చేలో వుంటే, వూళ్లో మిగిలిన పిల్లల హక్కు ఏమవుతుంది? వాళ్లూ పేదలే. నా సమాధానం ఇది. వూళ్లో వున్న పిల్లకు ఆ నాలుగు నెలలూ బడి వుంది, పంతులు వున్నాడు, మిగతా పుస్తకాలున్నాయి. వెళ్లిన పిల్లకు ఆ ఒక్క పుస్తకమే బడి. హక్కులు సమానమైనప్పుడు అవసరం ఎవరికి ఎక్కువో చూడటం అన్యాయం కాదు. ఇక పేద పిల్లలు ఇద్దరు ఒక్క ప్రతి కోసం పోటీపడే స్థితిని తెచ్చిపెట్టి, వాళ్ల మధ్య న్యాయం తీర్చమని ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టటం, అదీ అన్యాయం. రెండో ప్రతి కొనవలసినవాళ్లు ఆ తగవులో కనిపించకుండా తప్పుకుంటున్నారు.

“ముందు నీళ్లు, కూలి, తిండి, తర్వాత కదా పుస్తకాలు” అనే మిత్రులు మనలోనే వున్నారు. హంద్రీ-నీవా పథకంలో కృష్ణగిరి దగ్గర జలాశయం కట్టారు. ఆ నీళ్లు ఏ చేలకు ఎంత పారాలో అడగవలసినవాళ్లు ఆ వూళ్ల రైతులూ కూలీలే. అడగటానికి జీవో చదవాలి, మస్టరు రోలులో తన పేరు చదువుకోవాలి. అయినా పుస్తకాన్ని ఇంతమటుకే సమర్థించటం నాకిష్టం లేదు. పేదవాడి పిల్లకు అవసరమైన పుస్తకాలే చాలు, కథలు అనవసరం అనటంలో ఒక క్రూరత్వం వుంది. తన బతుకు కాని బతుకును వూహించగలిగినప్పుడే మనిషి తన బతుకు మారవచ్చునని వూహిస్తాడు. చట్టం కథల పుస్తకాలను పేరుపెట్టి చెప్పటం చిన్న విషయమేమీ కాదు.

గ్రంథాలయం పిల్లలకే కాదు, ఉపాధ్యాయునికీ కావాలి. పాఠ్యపుస్తకం ఒక్క గొంతుతో మాట్లాడుతుంది. దానికి పక్కన మరో పుస్తకం లేని ఉపాధ్యాయుడు ఆ గొంతును మోసే వార్తాహరుడే అవుతాడు. అది తప్పు చెప్పినా పట్టుకోలేడు, తక్కువ చెప్పినా పూరించలేడు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోవి. ఈనాటికీ అక్కడి ఇళ్లలో కన్నడం, ఉర్దూ వినిపిస్తాయి. తెలుగుకూ తనదైన యాస వుంది. ఇంటి మాటకూ పాఠ్యపుస్తకపు మాటకూ మధ్య వున్న దూరాన్ని దాటించవలసినవాడు ఉపాధ్యాయుడు. వంతెన కట్టమని సామాను ఇవ్వకుండా చెబితే అతనేం కడతాడు?

పుస్తకం తనంత తాను చదువు చెప్పదు. పత్తికొండకు అవతల ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుని శాసనాలున్నాయి. అక్కడి శాసనంలో లేఖకులూ, మావటులూ మొదలైనవారు తమ శిష్యులకు బోధించాలనే ఆజ్ఞ వుంది. రాతిమీద చెక్కించినంత మాత్రాన పని తీరదని, చదివి చెప్పే మనిషి కావాలని ఆనాటి రాజుకు తెలుసు. లైబ్రేరియన్ లేని పాఠశాలకు పుస్తకాల కట్టలు పంపి పని అయిందనుకునే శాఖలకు ఆ మాత్రం తెలియకపోవటం విచిత్రం.

తెలుగుదేశంలో గ్రంథాలయం సర్కారు ఇచ్చిన వరం కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ప్రజల చందాలతో, కార్యకర్తల కాలినడకతో. ఆ వుద్యమానికి నాయకత్వం వహించినవారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులోనే పుట్టాడు. 1908లో పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లాడు. తర్వాతి జీవితాన్ని గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ధారపోశాడు. రాజద్రోహానికీ గ్రంథాలయానికీ ఆయన జీవితంలో వైరుధ్యం లేదు. 1960 చట్టం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను విధించింది. ఈ డబ్బు మనదే. ప్రజాస్వామ్యంలో బీరువాలోని పుస్తకం కూడా మనదే.

కాబట్టి ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ కోరవలసినవి స్పష్టంగానే వున్నాయి. ఏటా కొన్ని పుస్తకాలు చిరగటం, పోవటం సహజమని నియమంలోనే రాయాలి. ఆ నష్టాన్ని ఉపాధ్యాయుని మీద వేయరాదు. తనిఖీకి వచ్చిన అధికారి ఎన్ని పుస్తకాలు వున్నాయని కాక, ఎన్ని ఇళ్లకు వెళ్లాయని అడగాలి. పుస్తకాల ఎంపికలో ఉపాధ్యాయులకూ పిల్లలకూ మాట వుండాలి. సుగ్గికి పోయే పిల్లకు గడువు నియమం వర్తించరాదు.

ఇవి అంగీకరిస్తే కొన్ని పుస్తకాలు తప్పకుండా పోతాయి. ఇప్పుడూ పోతున్నాయి. చదివిన తర్వాత పోవాలా, చదవకముందే పోవాలా అన్నది మనం తేల్చుకోవాలి.