ఖాళీ స్థలం ఎవరిది? గ్రంథాలయ స్థలనిర్ణయంలో ఒక నైతిక ప్రశ్న

రెవెన్యూ లెక్కల్లో శిస్తు విధించని ప్రభుత్వ భూమిని పోరంబోకు అంటారు. తమిళంలోని 'పుఱంపోక్కు'తో సంబంధమున్న ఈ మాటకు లెక్కకు వెలుపలిది అని స్థూలార్థం. వాడుకలో అది పనీపాటా లేని మనిషిని తిట్టే మాటగా మారింది. దిగుబడి చూపని నేలను, పని చూపని మనిషిని ఒకే మాటతో తోసిపుచ్చిన ఈ అర్థవిపరిణామం కేవలం భాషాశాస్త్ర విశేషం కాదు. ఊళ్లో కొత్త కట్టడానికి చోటు వెదికేటప్పుడు చూపు మొదట ఎక్కడ వాలుతుందో కూడా అది చెబుతుంది. 'ఖాళీ స్థలం' అన్నదీ అటువంటి మాటే. కట్టడం లేదు కనుక అక్కడ ఏమీ జరగడం లేదన్న తీర్పు ఆ విశేషణంలోనే ఇమిడి ఉంది.

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలో ఈ తీర్పు ఎంత తొందరపాటుదో సులభంగా తెలుస్తుంది. ఆత్మకూరు నెల్లూరు నుంచి బద్వేలు వైపు పోయే జాతీయ రహదారి మీది పట్టణం. రెవెన్యూ డివిజన్ కేంద్రం. సోమశిల జలాశయం దానికి దగ్గర. ఉదయగిరి కోటకొండ కింద, మెట్టపొలాల నడుమ పెరిగిన మండల కేంద్రం. ఇటువంటి ఊళ్లలో కట్టడం లేని నేల ఉదయం పిల్లల ఆటస్థలం, మధ్యాహ్నం మేకలు ఆగే చెట్టునీడ, కోతల కాలంలో గింజలు ఎండే కళ్లం, తిరునాళ్ల రోజుల్లో బండ్లు, అంగళ్లు నిలిచే బయలు. ఒక్కొక్క వినియోగం కొన్ని గంటలో కొన్ని రోజులో మాత్రమే ఉంటుంది. అందుచేతనే పటంలో దేనికీ రంగు పడదు.

ఇటువంటి ఊరికి కొత్త గ్రంథాలయం కావాలంటే దానిని ఎక్కడ కట్టడం న్యాయం? ఇక్కడ మంచికీ చెడుకూ మధ్య ఘర్షణ లేదు. రెండు ఉమ్మడి మేళ్ల మధ్య ఉంది. గ్రంథాలయ పక్షం బలహీనమైనదేమీ కాదు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో మొదటిది పుస్తకాలు వినియోగం కోసమే అన్నది. ఆ సూత్రాన్ని వివరిస్తూ ఆయన ముందుగా తడిమిన విషయాలలో గ్రంథాలయం ఉండే చోటు ఒకటి. జనం తిరగని చోట కట్టిన గ్రంథాలయం పుస్తకాలకు గోదాము మాత్రమే అవుతుంది. ఆయన కృషి ఫలితంగా వచ్చిన 1948 నాటి మద్రాసు పౌరగ్రంథాలయ చట్టం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగమైన నెల్లూరు జిల్లాకూ వర్తించింది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం దాని స్థానంలోకి వచ్చింది. ఊరి వెలుపల రెండు కిలోమీటర్ల దూరంలో భవనం కడితే పోటీపరీక్షలకు చదువుకునే యువకుడు మోటారుసైకిలు మీద వెళ్లగలడు. పత్రిక కోసం నడిచివచ్చే వృద్ధుడు వెళ్లలేడు. చీకటి పడకముందే ఇల్లు చేరవలసిన ఆడపిల్లను ఇంటివాళ్లు పంపరు. కాబట్టి ఊరి నడుమ అన్న కోరిక సౌకర్యానికి మాత్రమే సంబంధించింది కాదు, సమానత్వానికీ సంబంధించింది.

ఇక్కడ సాధారణంగా వినిపించే సమాధానం ఒకటుంది: బయలు ప్రజలదే, గ్రంథాలయమూ ప్రజలదే, కనుక ఒకదాని చోట మరొకటి వస్తే ప్రజలు పోగొట్టుకునేదేమీ లేదు. ఈ వాదంలో లోపం 'ప్రజలు' అన్న ఏకరూప పదంలో ఉంది. గ్రంథాలయాన్ని వాడుకునేవారికి సభ్యత్వ పుస్తకం ఉంది, సంతకం ఉంది, వారి సంఖ్యను నివేదికలో చూపవచ్చు. బయలును వాడుకునేవారికి ఏ రిజిస్టరూ లేదు. వారిలో చాలామంది చదవనివారు. మేకలు కాసే మనిషి పోగొట్టుకున్న నీడను ఆమె ఎన్నడూ తెరవని పుస్తకంతో భర్తీ చేశామనడం లెక్క సరిపెట్టడమే గాని న్యాయం కాదు.

న్యాయస్థానాలు ఈ చిక్కును వేరే రూపంలో ఎదుర్కొన్నాయి. హర్యానాలోని థానేసర్‌లో పట్టణ ప్రణాళిక బహిరంగస్థలంగా విడిచిన నేలను ధర్మశాల నిర్మాణానికి ఒక సంఘానికి లీజుకిచ్చారు. 1995లో వీరేందర్ గౌర్ కేసులో సుప్రీంకోర్టు ఆ లీజును నిలబెట్టలేదు, కట్టినదాన్ని తొలగించమంది. ధర్మశాల కూడా పుణ్యకార్యమేనన్న వాదం నిలవలేదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశిస్తూ, భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రభుత్వం లీజుగా ఇచ్చిన నేలకూ, పాఠశాల, వైద్యశాల వంటి ప్రజోపయోగ కట్టడం అప్పటికే ఉన్న నేలకూ మినహాయింపు చూపింది. ఈ 'అప్పటికే' గమనించదగినది. ఉన్న బడిని కూల్చవద్దనడం వేరు, బడి కోసం కొత్తగా బయలును తీసుకోవచ్చుననడం వేరు. మొదటిదాన్ని రెండవదానికి అనుమతిగా చదివే అలవాటు పాలనలో తరచుగా కనిపిస్తుంది.

బయలు మీదికే చూపు పోవడానికి అసలు కారణం అది ఉచితం కావడం. గ్రంథాలయానికి నిధి లేక కాదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతూనే ఉంది. స్థానికసంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమచేయవన్నది పాత ఫిర్యాదు. ఆ డబ్బు సక్రమంగా చేరితే చోటు కొనవచ్చు, ఉన్న భవనాన్ని విస్తరించవచ్చు. చేరనప్పుడు ఆ కొరతను తీర్చేది పన్ను ఎగవేసినవారు కాదు, బయలును వాడుకునేవారు. తమ పేరిట ఇల్లే లేనివారు పట్టణానికి గ్రంథాలయ స్థలాన్ని దానం చేసినట్లవుతుంది. దాతల శిలాఫలకంలో మాత్రం వారి పేరు ఉండదు.

రెండు మేళ్లలో మరొక అసమానత ఉంది. 1514లో ఉదయగిరిని జయించిన కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, 1515లో దానికి గుడిలో ప్రతిష్ఠ చేయించాడు. విగ్రహం కొండ దిగి వెళ్లగలిగింది, కొండ వెళ్లలేదు. పుస్తకాలూ విగ్రహం వంటివే. 1935లో పెదరావూరు ప్రాంతపు కాలువల మీద పాతూరి నాగభూషణం నడిపిన గ్రంథాలయ పడవకు సెంటు భూమి కూడా అక్కరలేకపోయింది. (మెట్ట ప్రాంతమైన ఉదయగిరిలో పడవ మాట ఎవరూ ఎత్తరు గాని, బండికి అడ్డేమీ లేదు.) గ్రంథాలయం మేడ మీదికి ఎక్కగలదు, పాత కార్యాలయ ఆవరణలో ఇమడగలదు. బయలు అలా మారలేదు. పైగా దాని మీద ఒకసారి పునాది పడితే మళ్లీ బయలైన దాఖలాలు అరుదు.

అందువల్ల నిరూపణభారం గ్రంథాలయం వైపే ఉండాలి. ముందుగా అప్పటికే కట్టడాలున్న ప్రభుత్వ ఆవరణలను చూడాలి. మెట్లు ఎక్కలేనివారి ఆక్షేపణ న్యాయమైనదే. పత్రికల గది కింద, పుస్తకాల అరలు పైన ఉంటే అది చాలావరకు తీరుతుంది. ఊరి నడుమ అటువంటి ఆవరణే లేదని తేలితే బయలులో ఒక అంచును తీసుకోవడం అన్యాయం కాదు. అయితే వాడుకునేవారిని ఆ చోటనే, వేర్వేరు వేళల్లో, నోటిమాటగా అడిగిన తరువాతే తీసుకోవాలి. ఇప్పటి పద్ధతిలో అభ్యంతరాలు ఉంటే తెలపవలసిందన్న ప్రకటనను కార్యాలయం గోడకు అంటిస్తారు. గడువు ముగిశాక అభ్యంతరాలేవీ రాలేదని దస్త్రంలో రాసుకుంటారు. గోడ మీది ఆ కాగితాన్ని చదవగలిగినవారు గ్రంథాలయానికి రాబోయేవారే.