రాజు చేతిలోని న్యాసము

బిలాస్‌పూర్ స్టేషనులో రైలు మారుటకై గంటలతరబడి వేచియున్న ఒక దంపతుల కథను రవీంద్రనాథ ఠాకూరు ‘ఫాంకి’ అను కవితలో చెప్పియున్నాడు. రోగపీడితయైన బిను, అచ్చటి కూలీ ఝమ్రూ భార్యయగు రుక్మిణి కష్టసుఖములు విని, ఆమె కూతురి పెండ్లికి 25 రూపాయలిమ్మని భర్తను కోరును. అతడు సరేయని, రుక్మిణిని చాటునకు పిలిచి, జీవనాధారము పోగొట్టింతునని బెదరించి, 2 రూపాయలు చేతిలో పెట్టి పంపివేయును. తన కోరిక నెరవేరెనను నమ్మకముతోనే బిను కన్నుమూయును. రెండు మాసముల పిమ్మట పశ్చాత్తాపదగ్ధుడై అతడు మరల ఆ స్టేషనుకు వచ్చుసరికి, రుక్మిణి కుటుంబము ఊరు విడిచి పోయియుండును.

రాజ్యాంగతత్త్వమును గూర్చిన గ్రంథములెన్ని చదివినను, ప్రభుత్వధర్మమేమి అను ప్రశ్న నాకు ఈ కథలో కనబడినంత స్పష్టముగా మరియెచ్చటను కనబడలేదు. ఆ భర్త చేసిన దోషము లోభము కాదు. తన ధనమును తాను దాచుకొన్నవానిని లోకము పిసినారి యనును గాని ద్రోహి యనదు. భార్యకు మాట యిచ్చిన క్షణముననే ఆ 25 రూపాయలు రుక్మిణి సొత్తు. అతని చేతిలోనున్నది కేవలము న్యాసము, అనగా ఒకరి సొత్తును మరియొకరు నమ్మకముతో దాచియుంచు నిక్షేపము. మనువు పరిగణించిన 18 వ్యవహారపదములలో, అనగా వివాదాంశములలో, ఋణాదానము (అప్పుల వ్యవహారము) వెనువెంటనే నిక్షేపమునకు స్థానమిచ్చుట యాదృచ్ఛికము కాదని నా నమ్మకము. రాజు స్థితియు అట్టిదే. ప్రజల పంటలో రాజు గొను షడ్భాగము రక్షణకు ప్రతిఫలమైన వేతనమని బౌధాయనాది ధర్మసూత్రకారులు భావించిరి. వేతనము పుచ్చుకొన్నవాడు పని చేసి, దానిని దానమని చెప్పుకొనుట ఎట్లు చెల్లును?

రాజు ప్రజలకు తండ్రియను భావము మన కావ్యములలో మిక్కిలి మధురముగా వర్ణితమైనది. కాళిదాసు దిలీపమహారాజును అట్లే కీర్తించెను. అయినను ఆ మాధుర్యములో ఒక ప్రమాదము కలదు. తండ్రి ఇచ్చిన నాడు బిడ్డ సంతోషింపవలెను, ఇయ్యని నాడు ఊరకుండవలెను. లెక్క అడుగు అధికారము బిడ్డకు లేదు. న్యాసధారిని మాత్రము ఎవరైనను, ఎంతటి దరిద్రుడైనను, లెక్క అడుగవచ్చును. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన అభయశాసనము ఈ ధర్మమునకు మన నేలమీది సాక్ష్యము. తుపానులో చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనెడివారనియు, తాను నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని సముద్రవర్తకులకు అభయమిచ్చుచున్నాననియు ఆయన ప్రకటించెను. నిస్సహాయుడై ఒడ్డు చేరినవాని సొత్తును ముట్టకుండుటయే ప్రభుత్వమునకు మొదటి పరీక్ష యని నేను తలంతును.

బిలాస్‌పూర్ వంటి రైల్వేపట్టణములో ప్రభుత్వధర్మమేమి అను ప్రశ్న పుస్తకములలోనిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వెంట శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మనవారు ఖరగపూరు, బిలాస్‌పూర్ మొదలగు చోట్లకు వలసపోయి, అచ్చటి క్వార్టర్లలో తరతరములు కాపురముండిరి. ఉండు ఇల్లు, త్రాగు నీరు, బిడ్డల బడి, చూపించుకొను ఆసుపత్రి, సమస్తమును రైల్వేదే. ఇన్నింటికి ఒకే చేయి ఆధారమైనచోట, ఉద్యోగము పోయినవానికి నిలువ నీడయు పోవును. బిను భర్త రుక్మిణిని బెదరించిన మాటకు అంత బలము వచ్చినది ఇందువలననే. ఆ రైల్వేలో 1928లో ఉద్వాసనకు గురియైన కార్మికుల పక్షమున వి. వి. గిరిగారు నడపిన సమ్మె శాంతియుతముగా సాగి, కంపెనీని దిగివచ్చునట్లు చేసినది. ఆ కార్మికులు కోరినది కనికరము కాదు. 1944లో ఆ రైల్వే ప్రభుత్వపరమయ్యెను. యజమాని మారినంతమాత్రమున న్యాసము తేలిక కాలేదు, మరింత బరువెక్కినది.

అడిగినదెల్ల ఇచ్చుటకు ఏ ఖజానాకును శక్తి లేదను ఆక్షేపణను నేను త్రోసిపుచ్చను. రైతు చెల్లించిన పన్నునకు కూడ ప్రభుత్వమే కాపరి. కాని ఇయ్యజాలనని పదిమందిలో కారణసహితముగా చెప్పు ప్రభుత్వము కఠినమైనదగును గాని వంచకమైనది కాదు. బిను భర్త అంత సొమ్ము ఇయ్యనని భార్య యెదుటనే చెప్పియుండవచ్చును. ఆమె వాదించియుండును, బహుశః గెలిచియుండును. సభలో ఔనని, చాటున కోతపెట్టుట, అడిగినవానిని భయపెట్టి నోరు మూయించుట, ఇవియే నా దృష్టిలో క్షమింపరాని రాజదోషములు.

ఈ న్యాసధర్మము పెన్షను విషయమునను కనబడును. రైల్వే ఉద్యోగులకు 1957 నవంబరు 16 నుండి పెన్షను పద్ధతి వర్తించినది. పెన్షను ప్రభువుల దయాదత్తము కాదనియు, చేసిన సేవకు లభించు హక్కనియు 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించినది. బౌధాయనుని భావమే న్యాయస్థానమున మరల పలికినట్లైనది. అయితే నేటి ఝమ్రూకు ఆ తీర్పు అందునా? స్టేషనులను ఊడ్చు పని అనేకచోట్ల కాంట్రాక్టర్లపాలైనది. ఆ కూలీకి క్వార్టరు లేదు, పెన్షను లేదు. కాంట్రాక్టరు కూలి ఎగవేసినచో పని అప్పగించిన ప్రధాన యజమానియే చెల్లించి, పిమ్మట అతనినుండి రాబట్టుకొనవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము విధించినది. కనుక బిల్లు మంజూరుచేయు అధికారి, సంతకమునకు ముందు, ఊడ్చినవాని చేతికి ఎంత చేరెనో ఆ మనిషినే పిలిచి అడుగవలెను. అదియును అతడు ఆ ఊరిలో ఉండగనే.