ధర మార్చేదెవరు?

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. గిర్రున తిరిగే కర్రకు రంగు లక్కను ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఎంత చూసినా తనివి తీరని పని అది! ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇలాంటి చేతిపనివారు వెబ్‌సైట్ పెట్టుకుంటామంటే నాకెంతో సంతోషం. కాకపోతే హంగుల కంటే ముందు ఒకటి తేల్చుకోవాలి: రేపు ధర మారితే సైటులో మార్చేదెవరు? ప్రతిదానికీ పట్నంలోని కుర్రాడికి ఫోన్ చేయాల్సివస్తే, నిరుటి దసరా తగ్గింపు ఈ సంక్రాంతికీ అలాగే వేలాడుతుంది. అది చూసినవారు దుకాణం మూసేశారనుకుంటారు.

వర్డ్‌ప్రెస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోన్‌లోంచే ఫొటో, ధర మార్చుకోవచ్చు. సైటుకు నాలుగు పేజీలు చాలు. బొమ్మను పగటి వెలుగులో, నీడపట్టున ఫొటో తీయండి. ఎత్తు ఎన్ని సెంటీమీటర్లో రాయండి. అప్పుడు బొమ్మ చేతికందాక ఇంత చిన్నదా అని ఎవరూ నొచ్చుకోరు. అమ్ముడైపోతే ఆ సాయంత్రమే ఆ మాట పెట్టేయండి.

సైటు చిరునామాను, అంటే డొమైన్ పేరును మాత్రం మీ పేరుమీద, మీ ఈమెయిల్‌తోనే రిజిస్టర్ చేయించండి. సైటు కట్టినవారు ఊరు మారినా చిరునామా మీ చేతిలోనే ఉంటుంది. దాని గడువు తేదీని గోడమీది క్యాలెండర్‌లో ఇవాళే రాసుకోండి.