పాదాలను అడిగి తెలుసుకోవడం

మనిషి తన అవయవాల స్థితిని సాధారణంగా అవి పెట్టే బాధను బట్టే తెలుసుకుంటాడు. నొప్పి పుట్టనంతవరకు అంతా బాగానే ఉన్నదనుకోవడం ఎంత సహజమో, పాదాల విషయంలో అది అంత ప్రమాదకరం. పాదం బలహీనపడితే మోకాలూ తుంటీ దాని పనిలో కొంత తమ మీద వేసుకుంటాయి. చీలమండ బిగుసుకుపోతే నడక తెలియకుండానే అడుగును కుదించుకుంటుంది. స్పర్శ తగ్గితే ఆ సంగతి మెదడుకు చేరవేయవలసిన నాడులే మొద్దుబారిపోతాయి. కాబట్టి పాదాల క్షేమం అడిగి తెలుసుకోవలసిన విషయం. అడగవలసిన ప్రశ్నలు మూడు: పాదం ఎంత బరువును ఎత్తి నిలపగలదు, ఎంతవరకు వంగగలదు, తనకు జరుగుతున్నదాన్ని ఎంతవరకు గ్రహించగలదు. వీటిలో మొదటిది బలానికి, రెండవది నమ్యతకు, అంటే దెబ్బ తినకుండా వంగి మళ్లీ యథాస్థితికి రాగల గుణానికి, మూడవది ఆరోగ్యానికి మూలమైన స్పర్శజ్ఞానానికి సంబంధించినవి.

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. రెండు పాదాల ఎముకలను కలిపితే 52, అంటే పెద్దవారి శరీరంలోని 206 ఎముకలలో సుమారు నాలుగో వంతు. అంత చిన్న చోట ఇన్ని ముక్కలు అమరడానికి కారణం పాదం చేయవలసిన రెండు విరుద్ధమైన పనులే: నేలను తాకినప్పుడు అది ఎత్తుపల్లాలకు ఒదిగేంత మెత్తగా ఉండాలి, మరుక్షణమే శరీరాన్ని ముందుకు నెట్టగలిగేంత గట్టిపడాలి. ఈ మార్పు జరిగే తీరును 1954లో జె. హెచ్. హిక్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి లోపల దట్టమైన నారపొర ఒకటి పరచుకొని ఉంటుంది. బొటనవేలు పైకి వంగినప్పుడు ఆ పొర బిగిసి, మడమనూ వేళ్ల మొదళ్లనూ దగ్గరకు లాగి, పాదం లోపలి వైపు వంపును పైకి లేపుతుంది. అందుకే నిలుచున్న మనిషి బొటనవేలిని మరొకరు మెల్లగా పైకెత్తి, వంపు లేస్తున్నదో లేదో చూడడం వైద్యులు చేసే సులువైన పరీక్షలలో ఒకటైంది.

బలాన్ని తెలుసుకోవడానికి చేసి చూడడమే మార్గం. గోడకు చేయి ఆనించి, ఒంటికాలిపై నిలబడి, మోకాలు వంచకుండా మడమను పూర్తిగా ఎత్తి దించడం పిక్క కండరాల శక్తిని చూపుతుంది. 1995లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం ఇందుకు 25 సార్లను ప్రమాణంగా ప్రతిపాదించింది, అయితే వయసు పెరిగేకొద్దీ ఈ సంఖ్య తగ్గుతుందని తరువాతి పరిశీలనలు తేల్చాయి. పిక్కలు బలంగా ఉన్నంత మాత్రాన పాదంలోపలి చిన్న కండరాలు బలంగా ఉన్నట్టు కాదు. వాటిని పరీక్షించడానికి కుష్ఠు వైద్యంలో బొటనవేలి కింద ఒక కాగితపు ముక్క ఉంచి, వేలితో నొక్కి పట్టమని చెప్పి, దాన్ని లాగి చూస్తారు. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచులపై నిలిచి కదలగలగడం వెనుక పిక్కల బలంతోపాటు, సాధారణ జీవితంలో ఎవరూ పట్టించుకోని ఈ చిన్న కండరాల సాధన కూడా ఉంది.

నమ్యతకు కొలత కావాలి. గోడకు ఎదురుగా పాదం ఉంచి, మడమ నేలను వదలకుండా మోకాలిని గోడకు తాకించగలిగినంత దూరం వెనక్కి జరిగి, బొటనవేలి కొన నుంచి గోడకు ఉన్న దూరాన్ని కొలిస్తే చీలమండ ఎంత వంగుతున్నదో తెలుస్తుంది. ఆరోగ్యవంతులలో ఇది తరచు 10 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, రెండు కాళ్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే దానికి కారణం వెదకాలి. గొంతుక్కూర్చొని పనిచేసే అలవాటు ఉన్నవారి చీలమండలకు ఈ వంపు రోజువారీ పనిలోనే అందుతుంది. ఆ అలవాటును కుర్చీ తీసివేసిన ఇళ్లలో ఆ వంపును ప్రయత్నపూర్వకంగా నిలుపుకోవాలి. పాదరక్షల ప్రభావమూ ఇటువంటిదే. మణిపాల్ వైద్యులు ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, చదునుపాదాలు చెప్పులు లేకుండా తిరిగే పిల్లలలో 2.8 శాతం మందికి ఉండగా, పాదరక్షలు వాడేవారిలో 8.6 శాతం మందికి కనిపించాయి. కాళ్లు కడుక్కొని గచ్చు మీద నడిచినప్పుడు పడే తడి ముద్రలో ఎవరైనా తమ పాదపు వంపును చూసుకోవచ్చు. ముద్ర నిండుగా పడినంత మాత్రాన అది జబ్బు కాదు. నొప్పి లేకుండా, మునివేళ్లపై లేచినప్పుడు వంపు ఏర్పడుతుంటే అది శరీరాల మధ్య ఉండే సహజమైన తేడా మాత్రమే.

ఇంతవరకు చెప్పిన పరీక్షలలో చాలావరకు ఎవరికి వారు చేసుకోవచ్చు. స్వీయపరీక్షకు ఉన్న హద్దు స్పర్శను గురించిన మూడవ ప్రశ్న దగ్గర బయటపడుతుంది. ఈ ప్రశ్న ఎంత లోతైనదో వెల్లూరులో కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసిన పాల్ బ్రాండ్ కృషి వల్ల ప్రపంచానికి తెలిసింది. కుష్ఠులో వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయన్న నమ్మకాన్ని ఆయన తోసిపుచ్చి, నొప్పి తెలియని కాలు గాయపడిన సంగతిని గుర్తించక అదే గాయం మీద నడుస్తూ తనను తానే నాశనం చేసుకుంటుందని నిరూపించాడు. స్పర్శ ఉన్న మనిషి కాలు కాస్త ఒరుసుకున్నా తెలియకుండానే కుంటుతూ ఆ చోటికి విశ్రాంతినిస్తాడు. స్పర్శ లేనివాడు కుంటడు. ఒకసారి లండన్‌లో, సుదీర్ఘ ప్రయాణం ముగిసిన రాత్రి, బ్రాండ్ తన మడమకు స్పర్శ లేదని గమనించి, సూదితో పొడుచుకొని చూసినా నొప్పి తెలియక, తనకూ కుష్ఠు సోకిందన్న భయంతో రాత్రంతా గడిపాడు. తెల్లవారి మళ్లీ పొడుచుకున్నప్పుడు కలిగిన నొప్పిని ఆయన జీవితంలో మరచిపోలేని ఆనందంగా చెప్పుకున్నాడు. రైలులో కదలకుండా కూర్చోవడం వల్ల నాడి ఒకటి కొద్దిసేపు మొద్దుబారింది, అంతే. మనుషులు పోగొట్టుకోవాలని కోరుకునే నొప్పి పాదానికి రక్షణ అన్న సత్యం ఆ ఉదయం ఆయనకు స్వానుభవమైంది.

నేడు భారతదేశంలో ఈ రక్షణను ఎక్కువగా హరిస్తున్నది మధుమేహం. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో మధుమేహ బాధితులు 10.1 కోట్లని అంచనా వేసింది. వీరు రోజూ అరికాళ్లనూ వేళ్ల సందులనూ పగుళ్లు, పొక్కులు, ఎరుపు, వాపు, రంగు మార్పుల కోసం చూసుకోవాలి. వంగలేనివారు అద్దం సాయం తీసుకోవచ్చు. కానీ స్పర్శను ఎవరికి వారు నమ్మకంగా పరీక్షించుకోలేరు, ఎందుకంటే తాకే వేలికి తాకుతున్నట్టు ముందే తెలుసు, ఆ తెలిసినదాన్నే మనసు పాదానికి ఆపాదిస్తుంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు రూపొందించి 2011లో ప్రచురించిన పరీక్ష ఈ చిక్కును తీర్చింది: కళ్లు మూసుకున్న వ్యక్తి రెండు పాదాల బొటన, మధ్య, చిటికెన వేళ్ల కొనలను మరొకరు చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లపాటు తేలికగా తాకుతారు, ఆరింటిలో రెండు గాని అంతకన్న ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు భావించి వైద్యుణ్ని కలవాలి.

ఆత్మజ్ఞానమంటే ఒంటరిగా లోపలికి చూసుకోవడమేనన్న భావనను పాదం ఈ విధంగా సరిదిద్దుతుంది. బలాన్ని మనిషి తానే పరీక్షించుకోవచ్చు, నమ్యతను తానే కొలుచుకోవచ్చు. తనకు ఏమి తెలియడం లేదో తెలుసుకోవడానికి మాత్రం ఇంకొకరి చేయి అవసరం. పెద్దల పాదాలకు నమస్కరించడం తెలుగు ఇళ్లలో ఇంకా నిలిచి ఉన్న మర్యాద. ఆ పాదాలను తాకినవారు ఒక నిమిషం ఆగి, కళ్లు మూసుకోమని చెప్పి, ఆరు వేళ్లను ఒక్కొక్కటిగా తాకి, తెలుస్తున్నదా అని అడగగలిగితే, ఆ మర్యాద సంరక్షణగా మారుతుంది; ఆ ప్రశ్నకు లేదని జవాబు వచ్చిన ఇంట, పుండు పడక ముందే వైద్యం మొదలుపెట్టే అవకాశం దొరుకుతుంది.