తేదీ తెలిసిన అప్పు, తేదీ తెలియని వాన

మా సీమలో అప్పు మీద కారు కొన్నవాడు వాన తేదీ తెలియకుండానే నెలనెలా ఐదో తేదీకి డబ్బు కడతానని సంతకం పెడతాడు. కర్నూలులో ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుకునే నాకు ఈ సంగతి ఖాతా పుస్తకంలో రోజూ కనిపిస్తుంది. రైతు సరుకు అరువుకు తీసుకుపోతాడు. పంట అమ్మి కడతాడు. పంట పండాలంటే వాన పడాలి, పండినాక ధర ఉండాలి. ఈ రెండింట్లో ఏది తప్పినా నా గల్లాపెట్టెకు వచ్చే డబ్బు పొలంలోనే ఆగిపోతుంది. కంతు మాత్రం ఆగదు.

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పేపరు తెరిస్తే కార్ల ప్రకటనలే. అదే నెలలో కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిని అడిగే దిక్కు లేదు. ప్రభుత్వం క్వింటా 1,200 రూపాయలకు కొంటానని ముందుకొచ్చింది. ఆ పైన హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. క్వింటా 1,200 అంటే కిలో పన్నెండు రూపాయలు. అందులోనే నారు, మందులు, కోత కూలి, గోతాలు, లారీ బాడుగ అన్నీ వెళ్లాలి. దుకాణానికి వచ్చిన రైతులు ‘ఈసారికి ఓర్చుకోన్నా’ అంటుంటే, ఇటు ఫోనులో ఎవరో అమ్మాయి పాత కారు ఇచ్చి కొత్తది తీసుకోమని, పండగ ఆఫరు వారమే ఉంటుందని చెబుతోంది.

ఆ పిల్ల తప్పేం లేదు. దేశం లెక్కల్లో అప్పుడు మాంద్యం లేదు. వరుసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే మాంద్యం అంటారు. 2020లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అట్లాగే తగ్గింది, అందరూ గుర్తించారు. ఆ ఏప్రిల్‌లో మారుతి సుజుకి దేశంలో ఒక్క కారు కూడా అమ్మలేదు. కానీ ఒక్క జిల్లాకో, ఒక్క పంటకో వచ్చే మాంద్యానికి త్రైమాసికాల లెక్క లేదు. దేశమంతా ఎదుగుతున్న ఏడాదిలోనే పత్తికొండ టమాటా రోడ్డు పాలవుతుంది, ఆదోనిలో పత్తి ధర పడిపోతుంది. మా మాంద్యం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో ఎవరూ ప్రకటించరు. కాబట్టి దానికి తగ్గ జాగ్రత్త కూడా ఎవరికి వాళ్లే పడాలి.

నా కారు 2019లో కొన్నది. ఐదేళ్ల అప్పు తీరిపోయింది. ఇప్పుడు దానికి క్లచ్చు పోయింది, ఏసీ కంప్రెసరు మూలుగుతోంది, రేడియేటరు కారుతోంది. కర్నూలు ఎండల్లో ఏసీ లేని కారు మధ్యాహ్నం పూట పనికిరాదు. మెకానిక్ చెప్పిన మొత్తం విని, దీన్ని బాగుచేయించాలా, అమ్మి కొత్తది తీసుకోవాలా, రెండూ మాని బస్సెక్కాలా అని చాలా రోజులు ఆలోచించాను. ఆ ఆలోచన నన్ను షెడ్డు నుంచి రెండు వందల ఏళ్ల వెనక్కి తీసుకుపోయింది.

తేదీ తెలిసిన బాకీకీ తేదీ తెలియని వానకీ మధ్య తగాదా ఈ నేలకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి ఇచ్చేసినాక థామస్ మన్రో దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చాడు. పొలం పొలాన్నీ కొలిపించి, దానికింత అని నగదు శిస్తు కట్టాడు. ఏడేళ్లు ఇక్కడ తిరిగి, వెళ్లిపోయే ముందు 1807లో ఆ శిస్తును నాలుగో వంతు తగ్గించాలని తానే సిఫారసు చేశాడు. మంచి ఏడాదిలో రైతు చేతిలో కొంత మిగిలితేనే చెడ్డ ఏడాదిని తట్టుకుంటాడన్నది అందులోని లెక్క. పైవాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. తర్వాత ఆయనే మద్రాసు గవర్నరై వచ్చినాక ఆ తగ్గింపు దక్కింది. 1827 జూలై 6న ఇదే పత్తికొండలో కలరాతో చనిపోయాడు. శిస్తు కట్టినవాడే, ఈ నేల మీద తిరిగినాక, రేటు కొంత తగ్గితే తప్ప రైతు నిలబడడని ఒప్పుకోవడం నాకు ఆయన కథలో అన్నిటికంటే పెద్ద విషయంగా తోస్తుంది.

ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఆ పాఠం చదవలేదు. 1860లలో లండన్‌లో వాటాలు అమ్మి మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది. మనం కేసీ కెనాల్ అంటున్నది అదే. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ వచ్చేట్టు ప్రభుత్వం హామీ ఇచ్చింది. నీటి తీరువాతో, పడవల బాడుగతో ఆదాయం వస్తుందని కంపెనీ అనుకుంది. నల్లరేగడి రైతు మాత్రం వాన బాగున్న ఏడాది డబ్బిచ్చి నీళ్లు ఎందుకు కొంటాడు? కాలువ వైపు చూసేది వాన రాని ఏడాదే, ఆ ఏడాది చేతిలో డబ్బుండదు. వడ్డీ ఏటా తప్పదు, రాబడి మాత్రం వానను బట్టి. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. లండన్ కంపెనీకే కుదరని లెక్క ఎరువుల దుకాణదారుకు ఎట్లా కుదురుతుంది?

కంతు ఎంత మొండిదో 2020లో అందరికీ తెలిసింది. మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలలు కంతులు కట్టకపోయినా పర్వాలేదంది, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. నేనూ ఆ వెసులుబాటు వాడుకున్నాను. కంతు ఆగిందిగానీ వడ్డీ ఆగలేదు, అసలులో చేరి అప్పు గడువు సాగింది. వడ్డీ మీద పడిన వడ్డీని, 2 కోట్ల లోపు అప్పులకు, ప్రభుత్వం తర్వాత భరించింది. మన్రో అడిగింది తగ్గింపు, 2020లో మనకు దొరికింది వాయిదా. వాయిదా వేస్తే చెడ్డ ఏడాది బరువును వచ్చే మంచి ఏడాది మోయాలి. ఆ వచ్చే ఏడాది మంచిదే అవుతుందని మా వైపు ఎవరూ రాసివ్వలేరు.

కొత్త కారు అమ్మేవాళ్లకు ఈ భయం తెలుసు. అందుకే వాళ్లు ధర చెప్పరు, కంతు చెబుతారు. 6 లక్షల అప్పు 9 శాతం వడ్డీకి తీసుకుంటే, ఐదేళ్లకైతే నెలకు సుమారు 12,455 రూపాయలు. ఏడేళ్లకైతే సుమారు 9,650. ‘మూడు వేలు తగ్గింది కదా సార్’ అంటారు. మొత్తం మీద కట్టే వడ్డీ మాత్రం లక్షా 47 వేల నుంచి 2 లక్షల 11 వేలకు పెరుగుతుంది. నన్ను ఆ అరవై నాలుగు వేలకంటే ఎక్కువ ఆలోచింపజేసింది 84 అనే సంఖ్య. ఏడేళ్లలో మా దగ్గర ఒకటో రెండో కరువులు, ఒక ధరల పతనం రావడం ఖాయం. అవన్నీ ముందే తెలిసి, వాటి మధ్యలో 84 నెలలు తప్పకుండా కడతానని రాసివ్వాలి. మా సీమలోనే, పెనుకొండ దగ్గర కియా కంపెనీ 2019 ఆగస్టులో తొలి సెల్టోస్‌ను బయటికి తెచ్చింది. ఆ ఫ్యాక్టరీ కోసం హంద్రీ-నీవా నీళ్లను గొల్లపల్లి రిజర్వాయరుకు తెచ్చారు. నీళ్ల భరోసా లేకుండా కారు తయారు చేయరు, అది సబబే. ఆ కారు కొనే సీమవాడికి మాత్రం ఏ రిజర్వాయరూ ఉండదు.

వానే రాదనుకుంటే వరద కూడా ఒకసారి లెక్క తప్పించింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలులోకి వచ్చినప్పుడు ఇళ్లతోపాటు వాహనాలూ మునిగాయి. బీమా కంపెనీ ఇచ్చేది ఆనాటికి కారుకు తాను కట్టిన విలువ మేరకే. నాలుగేళ్లు దాటిన కారుకు ఆ విలువ సగానికి పడిపోతుంది. పరిహారం ముందు అప్పిచ్చినవాడికి పోతుంది. అది చాలకపోతే కారు లేకుండానే కంతు మిగులుతుంది.

ఇదంతా కొత్త కారు వద్దనే వాదన. మరి పాతదాన్ని ఎంతవరకు బాగుచేయించాలి? ఇక్కడ బోరు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? నాలుగు వందల అడుగులకు దుమ్మే వస్తుంటే బోరుబండి మనిషి ‘ఇంకో వంద అడుగులు పోదామా?’ అని అడుగుతాడు. రైతు తల ఊపుతాడు. కింద నీళ్లుంటాయని నమ్మకం ఉండి ఊపడు. పైన పోసిన డబ్బు అప్పటికే భూమిలో ఉంది, అక్కడ ఆపితే అది వృథా అని ఒప్పుకోవాలి, అందుకని ఊపుతాడు. క్లచ్చు వేయించినాక కంప్రెసరు చూసినా, కంప్రెసరు వేయించినాక రేడియేటరు చూసినా మనలో పలికేది అదే గొంతు. ‘ఇంత పెట్టినాం, ఇప్పుడెట్లా వదిలేస్తాం?’ అంటుంది. అది లోతు అడగదు, పోయిన డబ్బునే అడుగుతుంది. ఆ గొంతును పక్కన పెట్టి అడగాల్సింది ఒక్కటే. ఇవాళ ఈ కారు నాది కాకపోయుంటే, ఇదే స్థితిలో, ఇంత ఖర్చుతో, ఇంకో మూడేళ్లు తిరగడానికి దీన్ని కొంటానా?

రిపేరుకూ కంతుకూ ఇంకో తేడా ఉంది. రేడియేటరు ఈ నెల, కంప్రెసరు వేసవికి ముందు, రంగు ఎప్పుడో అని రిపేరును వరసలో పెట్టుకోవచ్చు. చేతిలో డబ్బు లేనప్పుడు కారును ఇంటి ముందు నిలబెట్టవచ్చు. బ్రేకులు, టైర్లు వాయిదాను ఒప్పుకోవు, అవి మనిషి ప్రాణంతో ముడిపడినవి. థర్డ్ పార్టీ బీమా కూడా ఆగదు. 2025లో 1000 నుంచి 1500 సీసీ కారుకు అది ఏటా 3,416 రూపాయలు, దానిపైన జీఎస్టీ, కారు కదిలినా కదలకపోయినా. ఇవి తప్ప మిగిలినదంతా రాబడిని చూసి పెట్టే ఖర్చు. అప్పు తీరిన పాత కారులో నాకు కనిపించిన అసలు విలువ ఇది. చెడ్డ ఏడాదిలో అది నన్ను తక్కువ అడుగుతుంది.

కడపలో పసుపు వ్యాపారం చేసే మా బావమరిది దీనికి ఒప్పుకోలేదు. ఆయన వాదనలో బలముంది. ‘బావా, నువ్వు బస్సు దిగితే చూసినోళ్లు ఏమనుకుంటారు? కారు అమ్మినాడంట, దుకాణం దెబ్బతినిందంట అంటారు. రేపు హోల్‌సేలోడు సరుకు అరువియ్యడు’ అన్నాడు. ఇందులో గొప్పకంటే పరపతి ఎక్కువ. వ్యాపారికి పరపతి కూడా పెట్టుబడే. కష్టకాలంలో అప్పులిచ్చినవాళ్లు ముందుగా చూసేది ఎవరు ఏం అమ్ముతున్నారన్నది. పైగా అందరికీ ఒకేసారి డబ్బు అవసరమైనప్పుడు అందరూ ఒకేసారి అమ్ముతారు, ధర పడిపోతుంది. కరువులో ఎద్దులను కారుచౌకగా అమ్మి, వాన పడినాక రెట్టింపు పెట్టి కొన్న తరాలు మావి. కొత్త కార్ల పన్ను తగ్గిన నెలలో పాత కారు అమ్మినా అంతే, కొత్తది దిగిన మేర పాతదీ దిగుతుంది.

కానీ బావమరిది చెప్పిన పరపతికి ఒక హద్దుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు ఉన్నవాడు, ఏడాదికి 24 శాతం కడుతూ, చూసేవాళ్ల కోసం కారు ఉంచుకుంటే, చూసేవాళ్లకు వడ్డీ కడుతున్నట్టే. అట్లాంటివాడు అమ్మేయాలి, తక్కువకైనా. నాకు అట్లాంటి అప్పు లేదు. కాబట్టి అమ్మలేదు, కొత్తది కొనలేదు. బ్రేకులు, క్లచ్చు, రేడియేటరు వేయించాను. కంప్రెసరు ఫిబ్రవరికి పెట్టుకున్నాను. ట్యాక్సీ తోలి బతికేవాడికి ఈ లెక్క వర్తించదు. అతనికి కారు నిలబడితే ఆ రోజు కూలి నిలబడుతుంది.

ఒక్క విషయం మాత్రం బ్యాంకులను అడగాలనిపిస్తుంది. ట్రాక్టరు అప్పుకు వాళ్లు ఆరు నెలలకో ఏడాదికో కంతు పెడతారు, పంట చేతికొచ్చే కాలం చూసి. స్వల్పకాలిక పంట రుణం రెండు పంటకాలాలు దాటి బాకీ ఉంటేగానీ మొండి బాకీ కాదు. కారు అప్పు 90 రోజులకే అవుతుంది. అంటే వాన సంగతి బ్యాంకుకు తెలియక కాదు. పొలంలోకి దిగే బండికి ఆ తెలివి వాడతారు, అదే పొలం మీద బతికే దుకాణదారుడి బండికి, కమీషన్ ఏజెంటు బండికి, బోరుబండి యజమాని కారుకు వాడరు. ఈ ఊళ్లలో జీతగాళ్లను పక్కన పెడితే అందరి రాబడీ యార్డులో తక్కెడ దిగిన రోజే వస్తుంది.

వాళ్లు మారేదాకా నా కంతు నాకు నేనే కట్టుకుంటున్నాను. ఉల్లి, శనగ, పత్తి డబ్బు వచ్చిన నెలల్లో కారు పేరిట ఒక ఖాతాలో కొంత వేస్తాను. రాని నెలల్లో ఏమీ వేయను. దీనికి గడువూ లేదు, జరిమానా లేదు. ఆ ఖాతా నిండిన ఏడాది కొత్త కారు కొంటాను. నిండకపోతే ఆ ఏడాదికి కొత్త కారు నా స్తోమతలో లేదని అర్థం. 84 సంతకాలు పెట్టినాక తెలుసుకోవాల్సిన ఆ మాటను సంతకం పెట్టకముందే తెలుసుకుంటాను.