రంగేసిన జింకు ముక్క

ఉప్పాడ తీరంలో ఒక ఇంజిన్ మేస్త్రి ఉండేవాడు. పడవ ఇంజిను మొరాయిస్తే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూడా ఆయన పాకకే మోసుకొచ్చేవారు. ఆయన గోనె పట్టా దించి, దాని వెనకాల కూర్చుని పనిచేసేవాడు. పావుగంటకి బయటికొచ్చి ఐదొందలు పుచ్చుకునేవాడు. ఏం బాగుచేశాడో చెప్పేవాడు కాదు. చాలాసార్లు ఆయన చేసింది ప్లగ్గు తుడవడమే.

ఆయన మేనల్లుడు ఆ పట్టా వెనకాలే పని నేర్చాడు. ఒక ఏడు ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డెక్కాయి. జూన్ 14 దాకా 61 రోజులు ఖాళీ.

"మావా, ఈ రోజుల్లో మనోళ్లకి పడవ చూసుకునే పని నేర్పుతాను. మనిషికి మూడొందలు తీసుకుంటాను" అన్నాడు కుర్రాడు.

"అందరూ నేర్చేసుకుంటే రేపు నీ గడప ఎవడు తొక్కుతాడ్రా?" అన్నాడు మేస్త్రి.

కుర్రాడు షెడ్డు అద్దెకి తీసుకుని, కుర్చీలు వేసి, నల్లబల్ల పెట్టాడు. ఒక్కరూ రాలేదు. "పుట్టి బుద్ధెరిగాక సముద్రం మీదున్నోళ్లం. కుర్చీలో కూకుని నీ దగ్గర పాఠం వినాలా?" అన్నాడో తాత.

మర్నాడు కుర్రాడు కుర్చీలు తిరిగిచ్చేసి ఇసుకలోకి నడిచాడు. తాత ఫైబర్ పడవని రూపాయి బిళ్లతో తడుతూ పోయాడు. అంతటా టంగుమంది, ఒక్కచోట మాత్రం మొద్దుగా పలికింది. "తాతా, ఇక్కడ పొరలు విడిపోయాయి. తడి ఆరకుండా రెజిన్ పూసుంటారు." తాత నమ్మలేదు. "అయితే నువ్వే గీకి చూడు" అని పనిముట్టు చేతికిచ్చాడు. గీకితే లోపల్నించి నీరు ఊరింది. సాయంత్రానికి పడవ చుట్టూ పదిమంది చేరారు.

బడి అక్కడే మొదలైంది. వేట నుంచి రాగానే డ్రమ్ములో మంచినీళ్లు పోసి ఇంజిను ఎందుకు తిప్పాలో, గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే ఏ సీలు పోయినట్టో చెప్పి, ఎవరి ఇంజిను మీద వాళ్ల చేతే చేయించాడు.

ఒకరోజు ఇంజిను అడుగున ఉండే జింకు ముక్క చూపించాడు. "ఉప్పునీరు ముందు దీన్ని తింటుంది, ఇంజిను జోలికి పోదు. అరగడమే దీని పని. సగం అరిగాక మార్చాలి. దీని మీద రంగు మాత్రం వెయ్యకూడదు." ఒకతని ఇంజిను తిప్పి చూస్తే జింకు రంగు కింద కొత్తదానిలా నిగనిగలాడుతోంది, చుట్టూ ఉన్న లోహం గుల్లబారిపోయింది. ఆ రంగు మేస్త్రి వేసిందే.

ఆ ఏడు కుర్రాడికి పెద్దగా మిగల్లేదు. ప్లగ్గు తుడిచే బేరాలూ తగ్గాయి. కానీ నేర్చుకున్నవాళ్లు గేరు విరిగాక కాదు, ఆయిల్ తెల్లబడగానే రావడం మొదలెట్టారు. ప్లగ్గులు, సీళ్లు, జింకు ముక్కలు అతని దగ్గరే కొన్నారు. మరుసటి నిషేధానికి పక్క ఊళ్ల నుంచి కబురొచ్చింది.

మేస్త్రి పాక ముందు మాత్రం ఇంజిన్లు పలచబడ్డాయి. ఒక సాయంత్రం ఆయన బడి జరిగే చోటికొచ్చి, ఆ గుల్లబారిన ఇంజినుని, దాని మధ్య చెక్కుచెదరని జింకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా వైరు బ్రష్షు తీసుకుని రంగు గీకాడు. మర్నాడు పాకకి గోనె పట్టా లేదు. "ఇంజిను చప్పుడు విని రోగం చెప్పడం మీవోడికి ఇంకా రాదు. రండ్రా, నేను చెప్తాను" అని కుర్రాళ్లని పిలిచాడు.

నీతి: రంగేసి కప్పిన జింకు అరగదు, దేన్నీ కాపాడదు. పనితనమూ అంతే. ఎదుటివాడి తెలియనితనం మీద నడిచే బేరం వాడికి తెలిసేదాకానే. నేర్పినవాడి దగ్గరికి మాత్రం తెలిశాక కూడా వస్తారు.