రెండు పిగిలిపిట్టలు, ఒక పోలిక

పోల్చడం తప్పా? పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చొద్దని జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చెబుతూ వచ్చారు. ఆయన స్థాపించిన రిషివ్యాలీ బడి కురబలకోట మండలంలో ఉంది. ఆ చుట్టుపక్కల గుట్టల్లోనే, పోల్చి చూస్తే తప్ప విడివిడిగా గుర్తుపట్టలేని రెండు పిట్టలున్నాయి. ఈ చిక్కు నన్ను చాలా రోజులుగా వదలడం లేదు.

రెండూ పిగిలిపిట్టలే, అంటే బుల్‌బుల్‌లే. ఒకటి పొద పిగిలి. కంటిపైన తెల్లటి గీత, ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు ఒళ్లు. తుప్పల్లోనూ తోటల్లోనూ సర్దుకుపోతుంది. మన దక్షిణాదిలోనే కాదు, శ్రీలంకలోనూ ఉంది. రెండోది కొండ పొద పిగిలి. గొంతు పసుపు. 1845లో జెర్డన్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పిట్ట దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దానికి రాతిగుట్టలు కావాలి, బండల మధ్య తుప్పలు కావాలి. హార్స్‌లీ కొండలకి దీన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. ఐయూసీఎన్ ఎర్రజాబితా ప్రకారం మొదటిదాని గురించి దిగులక్కర్లేదు. రెండోది 'వల్నరబుల్', అంటే అంతరించే ముప్పున్న జాతి.

కాకటూలదీ ఇదే కథ. తెల్లటి ఒళ్లు, పసుపు జుట్టు ఉన్న రెండు జాతుల్లో పెద్దది సిడ్నీ వీధుల్లో చెత్తడబ్బాల మూతలు తెరిచి తింటూ హాయిగా ఉంది. ఇండొనేషియా, తూర్పు తైమూర్‌లకు చెందిన చిన్నదాన్ని పంజరాల వ్యాపారం అంతరించిపోయే అంచుకి తెచ్చింది.

'ఒకటి పోతే ఇంకోటి ఉందిగా, మామూలు కంటికి తేడానే తెలీదుగా?' అని అడగొచ్చు. తేడా తెలియకపోవడం మన కంటి సంగతి, పిట్టకేం సంబంధం? సరే, అరుదైంది కాబట్టే విలువైందని అందామా? అప్పుడు పొద పిగిలి చవకైపోతుంది. అదీ తగ్గిపోయిన రోజున దాని ధర పెరుగుతుందన్నమాట. బంగారం లెక్కకీ దీనికీ తేడా ఏముంది?

నాకేమనిపిస్తుందంటే, అరుదుగా ఉండటం పిట్ట పుట్టుకతో తెచ్చుకున్న గుణం కాదు. అది ఆ చోటుకి జరుగుతున్నదాని లెక్క. కొండ పొద పిగిలికున్న పెద్ద ప్రమాదాల్లో గ్రానైట్ క్వారీ ఒకటి. చాలా గుట్టలకి రెవెన్యూ రికార్డుల్లో రాసే మాట 'పోరంబోకు'. ఊళ్లలో అదే తిట్టు కూడా. చెట్టు నరికితే విలవిల్లాడే మనం బండ పగిలితే పట్టించుకోం. అక్కడ ఏమీ లేదనుకుంటాం. ఆ ఏమీ లేని చోటి రాయే మన అపార్ట్‌మెంట్ల వంటగట్టు మీద మెరుస్తుంటుంది. క్వారీకి కూలికెళ్లేవాళ్లని తప్పుపట్టడం తేలిక, అన్యాయం కూడా. ఆ రాయి కొనేది మనం.

కృష్ణమూర్తి వద్దన్నది ఒకర్ని పై మెట్టు మీద, ఇంకొకర్ని కింది మెట్టు మీద నిలబెట్టే పోలిక. ఎవరికి ఏ చోటు కావాలో తెలుసుకోవడానికి పక్కపక్కన పెట్టి చూడటం వేరు. నా దృష్టిలో అది శ్రద్ధ. అలా చూస్తే రెండు పిట్టల విలువా ఒకటే, మన బాధ్యతే వేరు. పొద పిగిలికి పెరట్లో నాలుగు పొదలు వదిలితే చాలు. కొండ పొద పిగిలికి గుట్టనే వదలాలి. నరికిన చెట్టుకి బదులు మొక్క నాటొచ్చు. పగిలిన గుట్టకి బదులేం నాటుతాం?